తొట్టి లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ రంగం గురించి పది నిమిషాలు చెప్పండి అన్నారు కమిటీవారు. నేను కెమికల్ ఇంజనీరును. రియాక్టర్ ఎంత పెద్దది కట్టాలో, అందులో సరుకు ఎంతసేపు ఉంచాలో లెక్క కట్టడం నా పని. ఆ లెక్కకు మొదలు ఈ బడిలోనే దొరికింది. ఒక కుళాయి తొట్టిని 4 గంటలలో నింపును, తూము 6 గంటలలో ఖాళీ చేయును, రెండూ తెరిచిన ఎంతసేపటికి నిండును? 12 గంటలు. మా లెక్కల మాస్టారు జవాబుకు ఒక్క మార్కే ఇచ్చేవారు. 'అనుకొనుము' అన్న వరుస రాయకపోతే మిగతావన్నీ సున్నా. అప్పట్లో అది అన్యాయం అనిపించేది.

రియాక్టర్ సమీకరణం కూడా ఆ తొట్టే. లోపలికి వచ్చిన దానిలోంచి బయటికి పోయినదీ, చర్యలో ఖర్చయినదీ తీసేస్తే నిల్వలో మార్పు వస్తుంది. కొత్త సంగతి ఒక్కటే. ఖర్చయ్యే వేగం మిగిలిన సరుకును బట్టి మారుతుంది. ఎలా మారుతుందో చెప్పేది చర్యా క్రమాంకం.

రేషన్ షాపులో తూకం వేసే మనిషి ఒక్కడే అనుకోండి. బయట పదిమంది ఉన్నా వందమంది ఉన్నా గంటకు సాగేది అంతే. అది శూన్య క్రమాంకం. ఉత్ప్రేరకం ఉపరితలం పూర్తిగా నిండిపోయినప్పుడు ఇలా ఉంటుంది. ఎవరి పాటికి వారు లేచి వెళ్లిపోయే సభ ప్రథమ క్రమాంకం, నా ప్రసంగం ఇంకాస్త సాగితే మీరే చూస్తారు. ఉన్నవారిలో ఇంత భాగం చొప్పున తగ్గుతారు. 1850లో జర్మనీలో విల్హెల్మీ, ఆమ్లంలో చక్కెర విడిపోయే వేగం కొలిచి కనిపెట్టింది ఇదే. ద్వితీయంలో ఇద్దరు ఎదురుపడాలి. తిరునాళ్లలో జనం పలచబడేకొద్దీ అది మరీ కష్టం.

సరుకంతా ఒకేసారి పోసి మూతపెట్టే బ్యాచ్ రియాక్టర్‌లో రాకపోకలు లేవు. కాబట్టి నిల్వ తగ్గే వేగమే చర్యా వేగం. సమాకలనం చేస్తే ప్రథమ క్రమాంకానికి సంవర్గమానం వస్తుంది. ద్వితీయానికి రాదు, అక్కడ 1 బై గాఢత సరళరేఖలో పెరుగుతుంది. 90 శాతం మారడానికి వేగ స్థిరాంకాన్ని కాలంతో గుణిస్తే ప్రథమంలో 2.3 రావాలి. ద్వితీయంలో దాన్ని మొదటి గాఢతతో కూడా గుణించాలి, 9 రావాలి. అదే నిరంతరం పోస్తూ, కలుపుతూ, తీస్తూ ఉండే తొట్టి అయితే సమాకలనమే అక్కర్లేదు, బీజగణితం చాలు. కానీ లోపలంతా బయటికొచ్చే పలచని ద్రావణమే కనుక చర్య మొత్తం ఆ నీరసమైన వేగంతోనే నడవాలి. 2.3 కాస్తా 9 అవుతుంది, 9 కాస్తా 90. శూన్య క్రమాంకానికి మాత్రం ఏ తేడా లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొత్త చర్యకు బ్యాచ్ సమయం నేను లెక్క కట్టాను. ల్యాబ్‌లో గంటకు సగం మారింది. ఆ ఒక్క రీడింగుతో, ప్రథమ క్రమాంకమేనన్న ధీమాతో, 90 శాతానికి 3 గంటల 20 నిమిషాలు అని రాసి సంతకం పెట్టాను. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ ఆ కాగితం ప్రకారమే బ్యాచ్ దింపారు. శాంపిల్ చూస్తే మారింది 77 శాతమే. వేడి సరిగా ఉంచలేదని ఆయనకు మెమో ఇచ్చారు. ఆయన వయసు నాకు రెండింతలు. "చార్టు చూడండి సార్, ముల్లు కదల్లేదు" అని నా దగ్గరికే వచ్చారు. నిజంగానే కదల్లేదు.

ఆ రాత్రి గదిలో కూర్చుని లెక్క మళ్లీ చేశాను. రెండు పదార్థాలు సమానంగా కలిసే చర్య అది. ద్వితీయ క్రమాంకం అనుకుంటే 3 గంటల 20 నిమిషాలకు వచ్చేది 77 శాతమే. 90కి 9 గంటలు కావాలి. నా కాగితంలో 'అనుకొనుము' వరుస లేదు. ఉండి ఉంటే పైవారెవరో ఒకరు ఎందుకలా అనుకున్నావని అడిగేవారు.

పొద్దున మేనేజరు గదిలోకి వెళ్లేముందు రెండుసార్లు టీ తాగాను. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను, ఇంట్లో చెల్లెలి పెళ్లి కుదిరి ఉంది. అయినా చెప్పేశాను. నా ప్రొబేషన్ ఆరు నెలలు పెంచారు. ఆయన మెమో వెనక్కి తీసుకోవడానికి మాత్రం పది రోజులు పట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత నేనిచ్చిన ప్రతి కాగితాన్నీ తిప్పి చూసి, "ఇది ఎన్ని రీడింగుల మీద సార్?" అని అడిగేవారు.

పిల్లలూ, రేపు ఉదయం మన సైన్సు గదిలో ఇథైల్ ఎసిటేట్, కాస్టిక్ సోడా కలుపుదాం. ఐదేసి నిమిషాలకు కొంచెం తీసి, కొలిచిన ఆమ్లంలో పోసి చర్య ఆపి, బ్యూరెట్‌తో చూద్దాం. సంవర్గమానం గీత వంగుతుందో, 1 బై గాఢత గీత వంగుతుందో మీరే గీసి చెప్పండి. గ్రాఫ్ కాగితాలు నేను తెచ్చాను. పెన్సిళ్లు మీరు తెచ్చుకోండి.