పది రూపాయల దరఖాస్తు

ఈరోజు న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్న పిల్లలందరికీ నా అభినందనలు.

నాది ఆళ్లగడ్డ. చిన్నప్పుడు నంద్యాల బస్సు కోసం నిలబడితే శిల్పశాలల నుంచి ఉలి చప్పుడు వినబడుతూ ఉండేది. ఆ చప్పుడును బట్టే పని ఎంతవరకు వచ్చిందో చెప్పేవాళ్లం. మొదట్లో మొద్దు దెబ్బలు, రాయి పెచ్చులుగా లేస్తుంది. విగ్రహం ముఖం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు సన్నబడుతుంది. కళ్లు మాత్రం ఆఖరున తెరుస్తారు.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన నా లాయరు ఆఫీసుకు వచ్చాడు. కనురెప్పల మీద ఇంకా రాతిపొడి ఉంది. సెల్‌ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అందులో అమ్మవారి విగ్రహం. "ఈ ముక్కు తీరు నాది సార్. వడ్డాణంలో మూడో పూస కొంచెం వారగా పోయింది చూడండి, అదీ నాదే" అన్నాడు. ఆయన అమ్మిన విగ్రహాన్ని ఎవరో స్కాన్ చేసి, యంత్రంతో చెక్కించి, తమ పనేనని చెప్పుకొని అమ్ముతున్నారు. యంత్రం ఆ పూస వారను కూడా వదల్లేదు.

"అమ్మేసినాక ఇంక నాకేం హక్కుంటాది సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మీకు తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం శిల్పం కళాకృతి. చెక్కినవాడే దాని మొదటి హక్కుదారు. జీతానికి చెక్కితే, ప్రభుత్వం కోసం చెక్కితే లెక్క వేరు. డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, చిత్రం గీయించుకున్నా వేరే ఒప్పందం లేకపోతే హక్కు చేయించుకున్నవాడికి పోతుంది. ఆ జాబితాలో శిల్పం లేదు. అంటే కొన్నవాడికి విగ్రహం పోతుంది గానీ దాని నకలు తీసే హక్కు పోదు. శిల్పి బతికినన్నాళ్లూ, ఆ తర్వాత మరో 60 ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. రిజిస్టర్ చేయించి తీరాలన్న నియమం కూడా లేదు. దేవుడి రూపం అందరిదీ. ఈయన చెక్కిన ముఖం ఈయనది.

చట్టం ఇంత గట్టిగా ఆయన పక్షాన ఉన్నా, నా బల్ల మీద ఉన్న సాక్ష్యం ఏమిటో తెలుసా? ఒక పాత క్యాలెండర్ కాగితం. దాని వెనక అడ్వాన్సు మొత్తం, ఒక ఫోన్ నంబరు. పని నడుస్తుండగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు, తేదీ లేదు, ఒప్పందం లేదు. ఆ విగ్రహం ఆయనదేనని చూపడానికి కావలసినవి కూడబెట్టేసరికి ఎనిమిది నెలలు పట్టింది. నోటీసు ఇచ్చాక అవతలివాళ్లు ఆ బొమ్మ అమ్మడం ఆపారు. నష్టపరిహారం దాకా పోలేకపోయాం. ఆయన హక్కు కాగితం లేక సగంలో ఆగిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

తన హక్కు కోసం చివరిదాకా పోరాడిన అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీలో ఉండేవారు. విజ్ఞాన్ భవన్ గోడకు ఆయన చేసిన పెద్ద కంచు శిల్పాన్ని 1979లో పీకేశారు. సొంతదారు సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వం. అయినా ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన వైపే తీర్పు చెప్పింది. మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వమంది, 5 లక్షల రూపాయలు కట్టమంది. కొన్నంత మాత్రాన పాడుచేసే హక్కు రాదని దేశమంతటికీ తెలిసింది. తన శిల్పాన్ని కాపాడుకునే హక్కు సెహగల్‌కు ఎంత ఉందో ఆళ్లగడ్డ శిల్పికీ అంతే ఉంది. అది శిల్పశాల గుమ్మం దాకా చేరవేయడం మన పని.

ఇక ఊరి పేరు సంగతి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, ఉంది. మన బనగానపల్లె మామిడికి కూడా ఆ గుర్తింపు 2017లో వచ్చింది. దాని మూలస్థానంగా చెప్పిన మండలాలు బనగానపల్లె, పాణ్యం, నంద్యాల. మీరు ఇప్పుడు కూర్చున్న నేలే అది.

జీఐ కాపాడేది పేరునే. ఎక్కడో ఉన్నవాడు అలాంటి విగ్రహమే చెక్కితే జీఐ అడ్డుకోదు, దాన్ని ఆళ్లగడ్డ శిల్పమని అమ్మితే అడ్డుకుంటుంది. ఈ పేరును ఎవరూ కొనలేరు, అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. 1999 జీఐ చట్టం ఆ తలుపు మూసేసింది, మంచి పని చేసింది. అయితే చాలామంది గుర్తింపు వచ్చిందన్న పత్రికా వార్త దగ్గరే ఆగిపోతారు. ఆ పేరు మీద చట్టం అండ కావాలంటే చెక్కేవాళ్లూ తోటల రైతులూ ఒక్కొక్కరుగా చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. నమోదుకు పదేళ్ల గడువు, మళ్లీ పొడిగించుకోవాలి.

మీలో కొందరు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లి సాఫ్ట్‌వేర్ కంపెనీల పేటెంట్లు చూస్తారు. సంతోషం, వెళ్లండి. వెళ్లేముందు ఒక్క ఆదివారం మాత్రం నాకివ్వండి. ఆళ్లగడ్డలో ఏదో ఒక శిల్పశాలకు వెళ్లి కూర్చోండి. ఆ శిల్పితో ప్రతి దశలోనూ తేదీతో ఫొటో తీయించండి. నకలు హక్కు ఎవరికైనా ఇస్తుంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి, ఎన్నేళ్లకో, ఏ ప్రాంతానికో అందులో రాయించండి. ఏళ్లు రాయకపోతే చట్టం అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే దేశమంతా అని అనుకుంటుంది.

తర్వాత అధీకృత వినియోగదారుగా నమోదుకు వాడే జీఐ-3 ఫారం తీసి ఆయన పేరు నింపండి. దాని రుసుము ఒకప్పుడు 500 రూపాయలు. 2020లో తగ్గించారు. ఇప్పుడు 10 రూపాయలు.