చేరిన పిల్లవాడు చివరిదాకా చదవాలి



ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు రెండేళ్లు. పరీక్షకు కూర్చోవాలంటే నూటికి 80 వంతుల హాజరు ఉండాలి. ఇంట్లో డబ్బు అవసరమై ఒకడు మెకానిక్ షెడ్డుకు పోతాడు. ఉర్దూ మీడియంలో చదివి వచ్చినవాడు థియరీ క్లాసు అర్థంకాక, అడగడానికి సిగ్గుపడి మానేస్తాడు. బోధకులం, ఆఫీసువాళ్లం మేము చేసిందేమిటి? రిజిస్టరులో పేరు కొట్టేసి ఊరుకున్నాం. అది మా తప్పే.

ఇకమీదట మూడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి అడుగుతాం. అర్థంకానివాడికి సాయంత్రం అరగంట ఉర్దూలోనే చెబుతాం. స్కాలర్‌షిప్ ఫారం దగ్గరుండి నింపిస్తాం.

తల్లిదండ్రులారా, మీరూ రెండేళ్లు ఓపిక పట్టండి. సగంలో మానినవాడికి పని కొంత వచ్చినా సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే రైల్వేలోనో, విద్యుత్ శాఖలోనో ఐ.టి.ఐ. అడిగే ఉద్యోగాలకు అర్జీ పెట్టుకోవడానికే వీలుండదు. షెడ్డు కూలి ఈ నెల గడుపుతుంది గానీ జీవితం గడపదు.