సంచి గుడ్డ కొనేముందు

(మండల సమాఖ్య మహాజన సభలో కొనుగోలు కమిటీ తరఫున చెప్పిన మాటలు)



మన తడ మండలంలో మిషను ఉన్న అక్కచెల్లెళ్లు చాలామంది సంచులు కుడతామని ముందుకొస్తున్నారు. గిరాకీకి కొదవ లేదు. శ్రీసిటీ షిఫ్టులకు పోయే ఆడపిల్లలకు క్యారియర్ సంచి కావాలి, బడి పిల్లలకు పుస్తకాల సంచి కావాలి. 120 మైక్రాన్ల కన్నా పలచటి ప్లాస్టిక్ సంచి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కాబట్టి అంగళ్లవాళ్లూ అడుగుతున్నారు. అయితే గుడ్డ కొనేది అప్పు డబ్బుతో. స్త్రీనిధి అయినా, బ్యాంకు లింకేజీ అయినా కంతు నెలనెలా వస్తుంది. మన సంచి నాలుగో నెలకే చిరిగిందంటే కొన్నామె మళ్లీ రాదు, కంతు మాత్రం వస్తుంది. అందుకే ఈరోజు గుడ్డ గురించే మాట్లాడతాం.

ముందు ఒక సంగతి. బట్టల అంగళ్లలో ఇచ్చే రంగురంగుల సంచిని మనం గుడ్డ సంచి అంటున్నాం. అది నేసింది కాదు, ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించిన పొర. వెలుతురుకు పట్టి చూడండి, పడుగూ పేకా కనపడవు, చుక్కల అచ్చు కనపడుతుంది. ధరలో దాంతో మనం పోటీ పడలేం, పడాల్సిన పనీ లేదు. అది తెగే చోట మనది నిలబడాలి, అంతే.

గుడ్డ దళసరిని జీఎస్ఎంలో చెప్తారు. ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. కాన్వాసుకు ఔన్సుల్లో చెప్తారు, ఒక ఔన్సు అంటే సుమారు 34 జీఎస్ఎం. అంగడాయన చెప్పిన అంకెను నమ్మాల్సిన పని లేదు. పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్లు ముక్క కత్తిరించి, బంగారు అంగడి త్రాసు మీద పెట్టి, వచ్చిన గ్రాముల్ని వందతో హెచ్చవేస్తే జీఎస్ఎం వచ్చేస్తుంది. 3.4 గ్రాములు తూగితే 340, అంటే 10 ఔన్సుల కాన్వాసు. పోయిన తడవ ఒక అంగట్లో 12 ఔన్సులని చెప్పిన గుడ్డను మేము ఇట్లానే తూచాం. 400 దాటాల్సింది 280 దగ్గర ఆగింది. తాను అక్కడే పెట్టి లేచి వచ్చేశాం.

బరువు ఒక్కటే చూసినా చాలదు. పలచటి గుడ్డకు గంజి దట్టంగా పెట్టి బిరుసు చేసి అమ్ముతారు. చేతికి అట్టలాగా ఉంటుంది, ఒక్క ఉతుకుతో పాత పంచె అయిపోతుంది. అందుకని అర మీటరు ముక్క కొనుక్కొచ్చి, కొలత రాసుకుని, రాత్రంతా నానేసి, ఉతికి ఆరేసి మళ్లీ కొలవండి, మళ్లీ తూచండి. ఎంత కుంచించుకుపోయిందో, గంజి ఎంతో, రంగు పోతుందో లేదో ఒక్కసారే తెలుస్తుంది. తర్వాత రెండు బొటనవేళ్ల గోళ్లతో పోగుల్ని పక్కకు నెట్టి చూడండి. పోగులు జరిగి సందు పడిందంటే కుట్టు దగ్గర కూడా అట్లానే పీక్కొస్తుంది. మ్యాటీలాంటి వదులు నేత చూపుకు ఎంత బాగున్నా బరువు మోసే సంచికి పనికిరాదని మా అభిప్రాయం. ఇది నూలేనా అని అనుమానం వస్తే పోగు కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూసలాగా ముడుచుకుంటుంది.

జనపనార సంచికి మంచి పేరుంది. తిరుమలలో లడ్డూలకు కూడా పెట్టారు. కానీ మనది పులికాట్ పక్కనుండే ఊరు. గాలిలో తేమ ఎక్కువ, కార్తీకంలో వానలు. జనపనార తడిస్తే బలం తగ్గుతుంది, ఆరకుండా ఉంటే బూజు పడుతుంది. నూలు అట్లా కాదు, తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. పెళ్లి సంచులకు, ఫైలు సంచులకు జనపనార వాడండి. చేపల సంచికి మాత్రం వద్దు.

బడి సంచులకు, ఊళ్లకు పోయే బ్యాగులకు పాలిస్టర్ తప్పదు. అక్కడ డెనియర్ అంటారు. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. బడి సంచికి 600 సరిపోతుంది, పెద్ద బ్యాగులకు 1680 దొరుకుతుంది. అదే డెనియర్‌లో నైలాన్ రాపిడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, ఎండకు మాత్రం పాలిస్టరే మేలు. లోపలి పూతను తప్పక గీకి చూడండి. చవక పూత మన ఉక్కకు ఏడాదికే పొట్టు లేస్తుంది.

ఇప్పుడు పన్నా. డబ్బులు పోయేది ఇక్కడే. 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు సంచికి 15కి 36 ముక్క కావాలి. అడుగున కుట్టు రాకుండా మడత వస్తుంది, పడుగు నిలువుగా బరువు దిక్కుకు వస్తుంది. 44 పన్నాలో అడ్డంగా రెండే ముక్కలు వస్తాయి, 48లో మూడు వస్తాయి. 44 పన్నా మీటరు 120 రూపాయలు, 48 పన్నా 150 అనుకుందాం. చూడడానికి మొదటిదే చవక. సంచికి లెక్కేస్తే మొదటిది 60, రెండోది 50. మిగిలిన 14 అంగుళాల ముక్కతో జేబులు కుట్టుకోవచ్చు అంటారు, నిజమే, కానీ వంద సంచులకు ఎన్ని జేబులు కుడతాం?

గుడ్డ ఎంత మంచిదైనా ముందు తెగేది చేతిపట్టీ దగ్గర. నవారును అంచున అతికించి వదిలేయకుండా సంచి అడుగు దాకా దించి కుట్టండి, బరువు నవారు మోస్తుంది. దారం పాలిస్టర్‌దే వాడండి. 10 ఔన్సుల గుడ్డకు 16 లేదా 18 నంబరు సూది కావాలి, నాలుగు మడతలు కలిసే చోట ఇంటి మిషనును చక్రం చేత్తో తిప్పుతూ పోనివ్వాలి.

కమిటీ తరఫున అడిగేది రెండే. సమాఖ్య ఆఫీసులో ఒక ముక్కల పుస్తకం పెడుతున్నాం. కొన్న ప్రతి గుడ్డ ముక్కనూ అందులో అతికించి, పన్నా, ధర, ఉతకముందు బరువు, ఉతికినాక బరువు రాయాలి. రెండోది, ఏ సంఘానికి ఆ సంఘం విడిగా పోయి కొనకండి. ఎవరికి ఎన్ని మీటర్లు కావాలో లీడర్లు ఈ నెలాఖరులోగా రాసివ్వండి. పొద్దున సూళ్లూరుపేట లోకల్ ఎక్కి షావుకారుపేటకు పోయి సాయంత్రానికి వచ్చేద్దాం. త్రాసు మేము తెస్తాం.