రాంగెలాప్ దీవి నేర్పిన పాఠము
(పాఠశాల విజ్ఞాన సంఘమున చేసిన ప్రసంగము)



పసిఫిక్ మహాసముద్రమున మార్షల్ దీవులు కలవు. అవి పగడపు దిబ్బలు. చేపలును కొబ్బరియు అచటి జనులకు ముఖ్యాహారము. వానిలో బికినీ అను చోట అమెరికా ప్రభుత్వమువారు 1954 మార్చి 1వ తేదీన ‘బ్రావో’ అను ఉదజని బాంబును పరీక్షించిరి. దాని శక్తి 15 మెగాటన్నులు. శాస్త్రజ్ఞులు ఊహించిన దానికి రెట్టింపునకు పైబడినది. ప్రేలుడునకు పొడియైన పగడపురాయి రేడియోధార్మిక ధూళియై గాలితో తూర్పునకు సాగి, సుమారు నూరు మైళ్ళ దూరమున నున్న రాంగెలాప్ దీవిపై తెల్లని బూడిదవలె రాలెను. అది విషమని యెరుగని పిల్లలు దానితో ఆడుకొనిరి.

ఆ దీవిలో నుండిన 64 మందిని రెండు దినముల పిదపగాని క్వాజలీన్ దీవికి తరలింపలేదు. అప్పటికే పలువురికి వాంతులును, చర్మమున మంటయు కలిగినవి. కొలది వారములలో పుండ్లు లేచెను, జుట్టు రాలెను, రక్తకణములు తగ్గెను. కొన్ని నెలలకు ఈ బాధలు చాలవరకు ఉపశమించెను. ఇంతతో ఆపద తీరెనని తలచినచో పొరపాటు.

1957లో వారిని స్వస్థలమునకు చేర్చిరి. బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాల పక్షమున డాక్టరు రాబర్ట్ కొనార్డ్ నాయకత్వమున వైద్యబృందము ఏటేట వచ్చి రక్తమును, పిల్లల ఎత్తును, బరువును పరీక్షించుచుండెను. ధూళిలోని రేడియోధార్మిక అయొడిన్ నీటితోడను ఆహారముతోడను దేహమున జొచ్చి, కంఠమందలి థైరాయిడ్ గ్రంథిలో పోగగును. పిల్లల గ్రంథి చిన్నది గనుక దానికి హాని యెక్కువ. దానిలోని అయొడిన్-131 ఎనిమిది దినములకు సగమగును. కొలది నెలలలో నశించును. కాని అది చేసిన గాయము తొమ్మిదేండ్లకు, 1963లో, గ్రంథిపై గడ్డగా బయటపడెను. కొందరు పిల్లలకు ఎదుగుదల కుంటుపడెను. పలువురికి శస్త్రచికిత్స అవసరమయ్యెను. 1965 నుండి థైరాయిడ్ మాత్రలు ఇచ్చిరి. ఏడాది బిడ్డగా ఆ ధూళికి లోనైన యువకుడొకడు 1972లో లుకేమియాతో మరణించెను.

ఏటేట పరీక్షింపకున్న ఈ సంగతులు తెలియవు, మాత్రలును అందవు. ఇది ఆ వైద్యుల సేవయే. అయినను దీవివాసుల మనసున వేరొక బాధ మిగిలెను. ధూళి మిగిలియున్న నేలపై తమ్ము నివసింపజేసి, తమ దేహములను జ్ఞానసంపాదనకు వాడుకొనిరనియు, పరీక్షాఫలితములను తమకు బోధపడునట్లు చెప్పలేదనియు వారు వాపోయిరి. మనుష్యులు అచట నివసించుటవలన విలువైన వివరములు లభించునని ఆ ప్రయోగశాల నివేదికలోనే వ్రాయబడియుండుట ఆ సందేహమును బలపరచెను. తుదకు 1985లో వారు తమ దీవిని విడిచి, గ్రీన్‌పీస్ సంస్థవారి నావపై మెజాటో అను దీవికి వలసపోయిరి.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులగుదురు. రోగిని దీర్ఘకాలము కనిపెట్టియుండుట విద్యాధర్మము. కనుగొన్న దానిని రోగికి, అతని భాషలో, అతనికి తెలియునట్లు చెప్పి, పిమ్మట అతని సమ్మతి గైకొనుట మనుష్యధర్మము. పరాయి సీమలో మాతృభాషను నిలుపుకొనుటకై ఈ పాఠశాలను నడుపుకొనుచున్న మనకు, తన భాషలో తన సంగతి వినలేని వాని నిస్సహాయత మరియొకరు వివరింపనక్కరలేదు. ఈ రెండు ధర్మములను మీరు ఎన్నడును వేరుచేయకుందురుగాక!