జఠరమునందలి జమాఖర్చులు

మోకిలలో ఈ రజతోత్సవ వేదికపై నేను కావ్యప్రసంగము చేయుదునని తలచినవారు మన్నింతురు గాక. గ్రామపు లెక్కలు వ్రాయువాడను గనుక నేడొక లెక్కనే మీ ముందుంచెదను.

భగవద్గీత 15వ అధ్యాయమున అన్నమును పచనము చేయునది వైశ్వానరాగ్ని యని యున్నది. దానినే మనవారు జఠరాగ్ని యందురు. శాస్త్రజ్ఞులు ఆ అగ్నిని వెదకగా కనబడినది నీరు! లాలాజలము, జఠరరసము, పిత్తరసము, క్లోమరసము, ఆంత్రరసము అన్నియు కలిసి దినమునకు సుమారు 7 లీటర్లు. మనము త్రాగునదియు, తిండిలోనిదియు మరి 2 లీటర్లు. ఇందులో మలముతో వెడలిపోవునది 100 మొదలు 200 మిల్లీలీటర్లు మాత్రమే. తక్కినదంతయు ప్రేగులు తిరిగి రక్తమునకు జమకట్టును. ఇంత శుభ్రమైన పద్దు నేనే దస్త్రములోను చూచి యెరుగను.

ఈ ఖర్చునకు హుకుము ఇచ్చువారెవరు? చింతకాయ పేరు వినగానే నోరూరుట మనకు క్రొత్త గాదు. ఆహారము కంటబడినంతనే నాడుల మూలమున కడుపులోను రసమూరునని రష్యా దేశీయుడు పావ్‌లోవ్ కుక్కలయందు నిరూపించి, 1904లో నోబెల్ బహుమానము నందెను. సర్వాధికారము నాడులదే యని పలువురు నమ్మియుండిన కాలమది. 1902లో లండనునందు బేలిస్, స్టార్లింగ్ అను నిరువురు ప్రేగునకు పోవు నాడులను తెగగోసి, ప్రేగులో ఆమ్లము పోసిరి. అప్పటికిని క్లోమరసము స్రవించెను! ఆమ్లము తగిలిన ప్రేగుగోడ సెక్రెటిన్ అను పదార్థమును రక్తములో విడుచుననియు, అది క్లోమమునకు చీటీవలె చేరుననియు తేలెను. చీటీ అందగానే క్లోమము క్షారరసమును పంపి ఆమ్లమును విరుచును. ఆమ్లము తగ్గగానే చీటీలును ఆగును.

ఈ కట్టుబాటు తప్పినచో? కలరా విషము సోకిన ప్రేగు గండిపేట చెరువు గేట్లన్నియు ఎత్తి, దించువాడు లేనట్లగును. గంటకు లీటరు నీరైనను పోవచ్చును. పసివారికి రోటావైరస్ విరేచనములును ప్రమాదకరములే. దానికి హైదరాబాదున తయారైన టీకా 2016లో దేశపు టీకాల కార్యక్రమమున చేరినది.

ఇట్టివేళ నీరు త్రావించిన విరేచనములు హెచ్చునని బిడ్డ నోరు కట్టు ఆచారము మన యిండ్లలో ఇంకను పోలేదు. త్రావింపకున్నను పోవునది పోవుచునే యుండును. అది బిడ్డ రక్తములోని మూలధనము. ఖర్చు సాగుచుండగా జమ నాపువాడు ఎట్టి లెక్కగాడు?

గేట్లు చెడినను, చక్కెరతోకూడ ఉప్పును లోనికి చేర్చుకొను ద్వారము చెడదు. ఉప్పు వెంట నీరును పోవును. 1971లో పశ్చిమ బెంగాలులోని బనగావ్ కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగి సెలైను చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెర నీటినే త్రావింపించెను. నూటికి 30 వరకున్న మరణములు 4కు లోబడెను.

ఓఆర్ఎస్ పొట్లము ఆశా కార్యకర్త నడుగుడు. దొరకకున్న, కాచి చల్లార్చిన లీటరు నీటిలో చదునుగా కొలిచిన 6 టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుడు. ఉప్పు హెచ్చరాదు. తల్లిపాలు మాన్పరాదు. బిడ్డ కన్నులు లోతుకు పోయినను, మగతగానున్నను, విరేచనములో నెత్తురు కనబడినను వెంటనే ఆసుపత్రికి కొనిపొండు. బిడ్డ మ్రింగగలిగినంతవరకు దారిలోను గుక్కగుక్కగా త్రావించుచునే యుండుడు.