కుట్ల నొప్పి మామూలేనా?

(హిమాయత్‌నగర్ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. వాటిలో ఎక్కువ ఆపరేషన్లే. అందుకే పొట్టమీది కోత గురించి అందరం మాట్లాడుతున్నాం. ఆపరేషన్ లేకుండా కన్న స్త్రీని మాత్రం ‘నీకేం, నార్మలే కదా’ అంటారు. కింద చిరిగిన చోట, కోసిన చోట వేసిన కుట్లతో ఆమె కూర్చోలేదు, బిడ్డకు పాలివ్వడానికి సరిగా ఒరగలేదు. మొగవాళ్ల ముందు చెప్పలేదు. అత్తకు చెబితే ‘మేం కనలేదా’ అంటుంది.

ఆ కోత అందరికీ అవసరం లేదు. మామూలు కాన్పుల్లో అలవాటుగా కోయవద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అవసరమైతే ఎందుకో చెప్పాలి, మన ఒప్పుదల తీసుకోవాలి, మత్తు సూది ఇచ్చి కోయాలి. కుట్లకూ మత్తివ్వాలి. అరిస్తే తిట్టడం వైద్యం కాదు.

ఇంటికొచ్చాక నొప్పిని తగ్గించుకోవచ్చు. మొదటి ఒకటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు ఆనించాలి. దానివల్ల బిడ్డకు జలుబు చేయదు. తర్వాత శుభ్రమైన టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి కూర్చోవచ్చు. ఒంటికి వెళ్లేటప్పుడు నీళ్లు పోసుకుంటే మంట తగ్గుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకుంటూ పాలివ్వవచ్చు. బాలింతకు నీళ్లూ ఆకుకూరలూ తగ్గిస్తే మలం గట్టిపడి కుట్లమీద ఒత్తిడి పడుతుంది. కుట్లకు పసుపు, బూడిద రాయవద్దు. నొప్పి పెరిగినా, చీము, దుర్వాసన, జ్వరం వచ్చినా, కుట్లు విడినా, రక్తం ఎక్కువగా పోయినా, మలమూత్రాలు ఆపుకోలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. ఆ పథకం పేరులో నవజాత శిశువే ఉంది, తల్లి లేదు. ఆమెనూ చూడాలని మాత్రం అందులో ఉంది. కాబట్టి బిడ్డ బరువు చూసిన చేతితోనే ‘నీ కుట్లెలా ఉన్నాయమ్మా?’ అని అడగాలి. అడగకపోతే మనమే చెబుదాం.

ఇక్కడ చాలామందిమి కూరగాయల తోటల్లో, పూల తోటల్లో గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్లం. మానని కుట్లతో కలుపు తీయడానికి వెళ్లడం ఓర్పు కాదు, గతిలేకపోవడం. కూలి పోకుండా విశ్రాంతి దొరకాలని అడగడం కూడా ఈ నొప్పికి మందే. ఓర్చుకోవడం మన ధర్మమని చెప్పేవాళ్లకు మన జవాబు ఒకటే: నొప్పి తగ్గించుకోవడం మా హక్కు.