చీవాట్లు లేని చికిత్స కోసం వందేళ్లు



స్మారకోపన్యాసాలు మామూలుగా డాక్టర్ల పేరిటో దాతల పేరిటో జరుగుతుంటాయి. ఇది ఒక నర్సు పేరిట జరుగుతోంది. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు నేర్పిన మనిషి ఆమె. అందుకని ఇవాళ మందు కనిపెట్టినవారి కథ కాస్త తగ్గించి, ఆ మందుతో బతకడం నేర్పినవారి కథ చెప్పుకుందాం. ఆ కథలో దయ ఎంత ఉందో, చీవాట్లూ అంతే ఉన్నాయి.

ఇన్సులిన్ రాకముందు షుగర్ జబ్బుకు అమెరికాలో డాక్టర్ ఫ్రెడరిక్ అలెన్ పద్ధతికి పెద్ద పేరు. పద్ధతి అంటే పస్తు. మూత్రంలో చక్కెర పోయేదాకా కడుపు మాడ్చడం, ఆ తరవాత తూచి తూచి కాస్త పెట్టడం. పిల్లలు ఎముకల గూళ్లయ్యేవారు, కానీ ఇంకొన్నాళ్లు బతికేవారు. అలెన్‌ను కర్కోటకుడనడం తేలికే. ఆయన చేతిలో మాత్రం మరేముంది? అలా పస్తులున్నవారిలో ఎలిజబెత్ హ్యూస్ ఒకరు. అమెరికా విదేశాంగ మంత్రి కూతురు. 1922 ఆగస్టులో టొరంటోలో, ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన బాంటింగ్ దగ్గరికి తీసుకొచ్చేసరికి ఆ పిల్లకు పదిహేనేళ్లు నిండుతున్నాయి, బరువు ఇరవై కిలోలు. ఇన్సులిన్ పడ్డాక కడుపునిండా తింది, ఒళ్లు చేసింది, చదువుకుంది, పెళ్లాడింది, ముగ్గురు బిడ్డల్ని కంది, 1981 దాకా జీవించింది. అయితే తనకీ జబ్బు ఉందన్న సంగతి బతికినన్నాళ్లూ బయటికి పొక్కనివ్వలేదు. మంత్రిగారి బిడ్డకే అంత భయం! సంబంధం కుదిరేదాకా ఆడపిల్ల ఇన్సులిన్ సీసాను బీరువాలో చీరల వెనక దాచే ఇళ్లు మనకూ కొత్త కాదు.

బోస్టన్‌లో ఎలియట్ జోస్లిన్ అని ఒక వైద్యుడు. వాళ్లమ్మకూ ఇదే జబ్బు. రోగి రోజంతా డాక్టరు దగ్గర ఉండడు కాబట్టి డాక్టరుకు తెలిసింది రోగికీ తెలియాలని ఆయన పట్టు. డాక్టరూ రోగీ ఇద్దరూ చదువుకోవడానికని 1918లోనే ఒక చేతిపుస్తకం రాశారు. నర్సులకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి రోగుల ఇళ్లకు పంపారు. కూరలు తూచడం, సూది వేయడం, పాదాలు చూసుకోవడం అన్నీ వంటింట్లోనే నేర్పేవారు వాళ్లు. 1922 ఆగస్టులో జోస్లిన్ మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చింది ఎలిజబెత్ మజ్ అనే ఒక నర్సుకే. అప్పటికి నెలల తరబడి ఆమె దాదాపు గడప దాటలేదు. కొన్ని వారాల్లో లేచి నడిచింది.

ఇంత చేసిన జోస్లిన్ స్వభావంలో ఒక పంతులు కూడా ఉన్నాడు. బుద్ధిగా ఉన్నవాళ్లకే ఇన్సులిన్ పనిచేస్తుందన్నది ఆయన ధోరణి. ఎక్కువకాలం బతికినవారికి పతకాలిచ్చారు. మంచిదే. కానీ పతకాలున్న చోట ఫెయిలైనవాళ్లూ ఉంటారు గదా! జబ్బు ముదిరితే తప్పు రోగిదే అనే మాట ఈ వైద్యంలో దయ దూరిన తలుపులోంచే దూరిందని నా అభిప్రాయం.

ఆ మాట ఇంట్లో ఎలా వినిపించేదో చూడండి. అరవై దాటినవారిలో కొందరికి బెనెడిక్ట్ ద్రావణం గుర్తుండే ఉంటుంది. పరీక్షనాళికలో అయిదు మిల్లీలీటర్ల ఆ నీలం నీళ్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. ఆ నాళిక చుట్టూ ఇంటిల్లిపాదీ చేరేవారు. ఇటుక రంగు తేలగానే, నిన్న పక్కింటి పేరంటంలో ఏం తిన్నావని నిలదీత. జ్వరమొచ్చినా ఆ రంగు రావచ్చు, దిగులు పడ్డా రావచ్చు. ఆ సంగతి అడిగేవారేరి? ఇప్పుడు గ్లూకోమీటరు అయిదు సెకన్లలో అంకె చూపిస్తోంది, నిలదీత మాత్రం అప్పటిదే. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచీ అన్నం మానేసి వచ్చేవాళ్లు మీ అందరికీ తెలుసు. జబ్బు తగ్గాలని కాదు, తిట్లు తప్పాలని.

అట్లాంటిక్‌కు ఇవతల కథ ఇంకోలా నడిచింది. పోర్చుగల్ వైద్యుడు ఎర్నెస్టో రోమా, ఇన్సులిన్ కొత్తగా వస్తున్న రోజుల్లో బోస్టన్‌లో ఉన్నారు. లిస్బన్ తిరిగొచ్చి చూస్తే మందు ఉంది, కొనలేని పేదలు చస్తూనే ఉన్నారు. 1926లో పేద డయాబెటిక్‌ల రక్షణకు ఒక సంఘం పెట్టారు. ప్రపంచంలో ఇలాంటి సంఘాల్లో అదే మొదటిది. ఉచితంగా ఇన్సులిన్ ఇవ్వడంతో పాటు సూది వేసుకోవడమూ తిండి సంగతులూ నేర్పారు. లండన్‌లో ఆర్.డి. లారెన్స్‌ది మరో దారి. తనకీ జబ్బని తేలాక, చివరి రోజులు గడుపుదామని ఇటలీలోని ఫ్లారెన్స్‌కు వెళ్లిపోయిన డాక్టరు ఆయన. 1923లో ఇన్సులిన్ దొరికిందని స్నేహితుడి కబురు అందగానే, నీరసంతోనే కారు నడుపుకుంటూ లండన్ చేరారు. 1934లో రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి డయాబెటిక్ అసోసియేషన్ స్థాపించారు. వెల్స్‌కూ షుగరే. రోగులే కూర్చుని నడిపే సంఘంలో ఎవరు ఎవరిని తిడతారు?

1972లో లాస్ ఏంజిలిస్ కౌంటీ ఆసుపత్రి నుంచి లియోనా మిల్లర్ ఒక పరిశోధన ప్రచురించారు. పేదలు వచ్చే ఆసుపత్రి అది. అక్కడ రోగులకు చదువు చెప్పి, సందేహమొస్తే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఇచ్చారు. అంతే, కోమాతో వచ్చి చేరేవాళ్లు బాగా తగ్గిపోయారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు 1995లో వచ్చింది. విలియం పొలాన్‌స్కీ బృందం ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసింది. తిండి గురించి దిగులుగా ఉందా, దారి తప్పితే తప్పుచేసినట్టు కుంగిపోతున్నారా, ఒంటరిగా అనిపిస్తోందా, అన్నీ ఇలాంటివే. మీ డాక్టరు మీకు తృప్తిగా ఉన్నారా అని కూడా అందులో ఉంది! ఈ పట్టిక ఎక్కడ పుట్టిందంటే బోస్టన్‌లోని జోస్లిన్ సంస్థలోనే. పతకాలు పంచిన చోటే, దశాబ్దాల తరవాత, రోగి మార్కులు వేసే కాగితం తయారైంది.

మన వైపు చూస్తే, 1948లో మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ డయాబెటిస్ క్లినిక్ తెరిచారు. ఆంధ్ర జిల్లాలు అప్పటికింకా మద్రాసులోనే కలిసి ఉన్నాయి. 1954లో ఆయన రాయపురంలో సొంత ఆసుపత్రి పెట్టారు. అన్నం తిని పెరిగిన మనిషిని అన్నం ముట్టొద్దనడం కంటే, పిండిపదార్థమూ పీచూ ఎక్కువుండే మన తిండితోనే షుగర్ అదుపు చేయొచ్చని చూపించారు. అది వైద్యమూ అవును, మర్యాదా అవును. 2023లో ఐసీఎంఆర్ సర్వే వేసిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటే. అంతమందికి ఓపీలో దొరికేది డాక్టరుగారి మూడు నాలుగు నిమిషాలు. అందులో ఒక నిమిషం చీవాట్లకు పోతోంది.

ఈ సభ జరుపుతున్న ట్రస్టువారికి నాదొక విన్నపం. ఏటా ఉచిత శిబిరం పెడుతున్నారు, వేలు పొడిచి అంకె చేతిలో పెట్టి పంపిస్తున్నారు. వచ్చే ఏడు ఆ శిబిరం మానేయండి. ఆ డబ్బుతో ఒక నర్సును పెట్టుకోండి. ఆమె జీతానికి ఎంత తక్కువపడితే అంత భర్తీ చేయడానికి ఈ సభలో నాలాంటివాళ్లం నలుగురం ఉన్నాం. ఆమెకు ఒక గది, తలుపు వేసుకునే గది, ఒక ఫోన్ ఇవ్వండి. మనిషికి అరగంట చొప్పున కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. రోజుకు ఎంతమందిని చూశావని మాత్రం ఆమెను అడగకండి.